గాయం తోకకు, గండం పేగుకు: ఒక హౌలర్ కోతి పిల్ల కేసు

కోస్టారికాలో వాయవ్యాన, పసిఫిక్ తీరాన్ని ఆనుకుని ఉన్న గ్వానకాస్తే ప్రాంతంలోని కేసు ఇది. ఊరి పేరు, తేదీలు, చికిత్స జరిగిన చోటు తీసేశాం. వైద్యానికి సంబంధించిన వివరాలు మాత్రం ఉంచాం. వన్యప్రాణుల వైద్యులు, జూలలో కోతుల ఆలనాపాలనా చూసేవాళ్లు చదువుతారనుకుని రాసింది. మందుల మోతాదులు చూసి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

నేపథ్యం

మాంటిల్డ్ హౌలర్ (అలౌయట్టా పల్లియాటా) నల్లటి ఒంటికి పక్కల బంగారు రంగు కుచ్చు వేలాడే కోతి. అక్కడివాళ్లు కాంగో అంటారు. పెద్ద మగది 6-7 కిలోలు, ఆడది 4-5 కిలోలు తూగుతుంది. అమెరికా ఉష్ణమండల అడవుల్లో చెట్ల మీదే జీవితం గడిపే పెద్ద కోతుల్లో స్పైడర్ కోతి, వూలీ కోతి ప్రధానంగా పండ్ల కోసం తిరుగుతాయి. హౌలర్‌కు పండు దొరికితే తింటుంది, దొరక్కపోతే నెలల తరబడి ఆకు మీదే నెట్టుకొస్తుంది. పగటి వేళలో సగానికి చాలా మించి కొమ్మ మీద వాలి పడుకునే ఉంటుంది. అది బద్ధకం కాదు. ఆకు అరగడానికి పట్టే సమయం అది.

ఈ కేసుకు కీలకం అక్కడే ఉంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో పనిచేసిన కోతుల పరిశోధకురాలు కాథరిన్ మిల్టన్ 1981లో ప్రచురించిన కొలతల ప్రకారం, తిన్నది హౌలర్ పొట్ట దాటి బయటికి రావడానికి సుమారు 20 గంటలు పడుతుంది. స్పైడర్ కోతికి 4-5 గంటలు చాలు. ఆ 20 గంటలూ అంధనాళంలో (పెద్దపేగు మొదట్లోని సంచి), పెద్దపేగులో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అలా పుట్టే ఆమ్లాల నుంచి జంతువుకు రోజువారీ శక్తిలో దాదాపు మూడో వంతు అందుతుంది. మన కొండముచ్చు కూడా ఆకు తినేదే గానీ దానికి గదులు గదులుగా ఉన్న జీర్ణాశయంలో, అంటే ముందు భాగంలోనే, ఆ పని జరుగుతుంది. హౌలర్ జీర్ణాశయం మామూలుదే. పులిసే పని అంతా వెనక భాగంలో. కొండముచ్చులతో పనిచేసినవాళ్లకు ఆకు మేత సంగతి తెలిసే ఉంటుంది, కానీ ఏ మందు ఏ గదిని దెబ్బతీస్తుందన్న లెక్క ఇక్కడ వేరు.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా గ్వానకాస్తేలో వాన ఉండదు. అడవి చెట్లు చాలామటుకు ఆకు రాల్చేస్తాయి. గుంపులు వాగుల ఒడ్డుకు, ఊళ్లలోని మామిడి, బాదం, మర్రి జాతి చెట్లకు చేరతాయి. కొమ్మలు కొట్టేసిన చోట కరెంటు తీగే దారి అవుతుంది. తీగ మీద నడుస్తున్నంతసేపు ఏమీ కాదు. ఒక చేయి 13.8 లేదా 34.5 కిలోవోల్టుల తీగ మీద ఉండగా తోక న్యూట్రల్‌కో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకుకో తగిలితే కరెంటు ఒంట్లోంచి పోతుంది. ఒళ్లంత పొడవు తోక, ఆ తోకతోనే పట్టుకునే అలవాటు కాబట్టి రెండు చోట్లా ఒకేసారి తాకడం హౌలర్‌కు చాలా తేలిక. తల్లి చచ్చిపోయి, దాని పొట్టనో వీపునో కరుచుకున్న పిల్ల బతికి దొరకడం ఇలాంటి ప్రమాదాల్లో తరచూ జరిగేదే.

వచ్చినప్పటి స్థితి

ఆడపిల్ల. బరువు 1.05 కిలో. పుట్టినప్పటి వెండి రంగు పూర్తిగా పోయి నల్లబడింది, ముందు పాలపళ్లు వచ్చేశాయి. వీటిని బట్టి వయసు 5 నెలల దరిదాపు అనుకున్నాం. శరీర ఉష్ణోగ్రత 34.8 డిగ్రీలు, రక్తంలో చక్కెర 48 మి.గ్రా. ఎడమ అరచేతిలో బిళ్ల సైజు మాడిన గాయం. తోక కొసన, అడుగువైపు వెంట్రుకలు లేకుండా, కొమ్మను పట్టుకోవడానికి పనికొచ్చే ‘పట్టు’ చర్మం మీద బూడిద రంగు మచ్చ. మూత్రం డికాక్షన్ రంగులో ఉంది.

కరెంటు గాయం పైకి చిన్నగానే కనిపిస్తుంది. లోపల కండరం మాడి, దాని నుంచి విడుదలైన మయోగ్లోబిన్ మూత్రపిండాలను మూసేస్తుంది. మూత్రం రంగు చెప్పేది ఆ సంగతే. కాబట్టి మొదటి గంటల్లో గాయం పని పక్కన పెట్టి ఈ క్రమం పాటించాం.

ముందు వేడి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాల మధ్య ఉంచి రెండు గంటల్లో 36.5 దాటించాం. చల్లబడ్డ పిల్లకు పేగు కదలదు. ఆ స్థితిలో పాలు పడితే పొట్టలో నిలిచిపోతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అందుకే ఆకలితో ఏడ్చినా పాలు పట్టలేదు. తర్వాత ద్రవాలు. నరం దొరకలేదు కాబట్టి తొడ ఎముకలోకి సూది వేసి, 2.5 శాతం డెక్స్ట్రోజ్ కలిపిన గోరువెచ్చని రింగర్ లాక్టేట్‌ను పావుగంటలో 10 మి.లీ. ఇచ్చాం. ఆ తర్వాత గంటకు 5 మి.లీ. చొప్పున, మూత్రం తేటపడే దాకా. నొప్పికి బ్యుప్రెనార్ఫిన్ కిలోకు 0.01 మి.గ్రా., 8 గంటలకోసారి. నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్‌ను మాత్రం మూత్రం రంగు మామూలయ్యే వరకు ఆపాం. మూత్రపిండాలు ఒత్తిడిలో ఉండగా ఆ జాతి మందులు మరింత కీడు చేస్తాయి. గుండె లయను మొదటి రోజంతా గమనించాం, తేడా రాలేదు. టెటనస్ టీకా వేశాం. కోతులకు ధనుర్వాతం వస్తుంది, మాడిన కండరం దానికి మంచి చోటు.

మర్నాటికి మూత్రం లేత పసుపుకు వచ్చింది. పిల్ల గుడ్డను గట్టిగా పట్టుకుంది. అప్పటికి గండం గడిచినట్టే కనిపించింది.

ఎదురు తిరిగిన చోటు

అరచేతి గాయంలో మట్టి, ఈగ గుడ్లు ఉన్నాయి. అందుకని నోటి ద్వారా అమాక్సిసిలిన్-క్లావులనేట్ మొదలైంది. శక్తి కోసం పసిపిల్లల డబ్బా పాలతో పాటు అరటిపండు, బొప్పాయి గుజ్జు కూడా పెట్టారు. రెండూ విడివిడిగా చూస్తే తప్పు పట్టలేని నిర్ణయాలు. పిల్ల పండు ఇష్టంగా తింది. అదే అందరినీ నమ్మించింది.

నాలుగో రోజు పొట్ట డప్పులా ఉబ్బింది. మలం నురగతో, పుల్లటి వాసనతో పల్చగా వచ్చింది. బరువు 940 గ్రాములకు దిగింది. ఇక్కడ నాలుగు అనుమానాలు వచ్చాయి: గాయం నుంచి రక్తంలోకి చీము పాకిందా? కరెంటు పేగును కూడా కాల్చిందా? బ్యుప్రెనార్ఫిన్ వల్ల పేగు మందగించిందా? లేక లోపలి సూక్ష్మజీవులు తుడిచిపెట్టుకుపోయాయా?

ఉష్ణోగ్రత మామూలుగా ఉంది, గాయం శుభ్రంగా ఉంది. అంటే మొదటిది కాకపోవచ్చు. స్టెతస్కోపు పెడితే పేగు చప్పుడు గలగలమని వినిపిస్తోంది. కాలిన పేగో, మందుకు పడుకున్న పేగో అయితే నిశ్శబ్దంగా ఉండాలి. మలం మీద ఆమ్లతను కొలిచే పీహెచ్ పట్టీ పెడితే 5 చూపించింది. స్లైడు మీద గ్రామ్ రంగు వేస్తే, రకరకాల ఆకారాల బ్యాక్టీరియా ఉండాల్సిన చోట ఒకే తరహా గుండ్రటివి బారులు తీరి ఉన్నాయి. పరాన్నజీవులు కనిపించలేదు. నాలుగో అనుమానమే నిలబడింది. యాంటీబయాటిక్ పీచును పులియబెట్టే జీవులను చంపింది. ఖాళీ అయిన చోటికి సాగు పండ్ల చక్కెర చేరి లాక్టిక్ ఆమ్లం చేసే జీవులను పెంచింది. అడవి అత్తిపండులో పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. అంగట్లో అరటిపండు దానికి పూర్తిగా తలకిందులు. కోతి అంటే అరటిపండు అని మనసులో నాటుకుపోయిన బొమ్మ హౌలర్ విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది.

ఫలించని ప్రయత్నాలు

మొదట పాలను అనుమానించి లాక్టోజ్ లేని పాలపొడికి మార్చారు. గ్యాస్ కాస్త తగ్గింది, మలం మారలేదు. కోతుల తల్లిపాలలో కొవ్వు, మాంసకృత్తులు తక్కువ, లాక్టోజ్ ఎక్కువ. ఈ వయసు పిల్ల లాక్టోజ్‌ను అరిగించుకోలేకపోవడం అసలు కారణం కావడం అరుదు, పేగు గోడ దెబ్బతిన్నాక వచ్చే పర్యవసానమే ఎక్కువ.

తర్వాత మనుషులకు వాడే ప్రోబయాటిక్ పొడి. చాలావాటిలో ఉండేవి లాక్టోబాసిల్లస్ జాతులు. అవి చేసేది లాక్టిక్ ఆమ్లమే. మలం పీహెచ్ అప్పటికే 5 ఉన్న పేగులో వాటిని కలపడం వల్ల మేలు జరగలేదు. హౌలర్‌కు కావలసిన పీచు పులియబెట్టే జీవులు ఏ క్యాప్సూల్‌లోనూ దొరకవు, గాలి తగిలితే చచ్చే రకాలు అవి.

సిమెథికోన్ ఉబ్బరం నొప్పిని తగ్గించింది, అంతే. పాలు సగానికి కోస్తే బరువు ఇంకా పడిపోయింది, కాబట్టి ఒక్కరోజుకే మానేశారు. పళ్లెంలో కోసి పెట్టిన లెట్యూస్, క్యాబేజీని వాసన చూసి వదిలేసింది. తిన్నా ఉపయోగం ఉండేది కాదు. అవి నీళ్లే ఎక్కువ, పీచు తక్కువ.

పనిచేసింది

నోటి యాంటీబయాటిక్ ఆపేయడం మొదటి అడుగు. గాయం ముదురుతుందన్న భయం ఉంది. కానీ కాలిన గాయాల్లో ముందుజాగ్రత్తగా ఒంటికంతా యాంటీబయాటిక్ ఇవ్వడం మనుషుల వైద్యంలోనూ మానేసిన పద్ధతి. చచ్చిన కణజాలంలోకి రక్తమే వెళ్లదు, మందు ఎలా వెళ్తుంది? రోజూ సెలైన్‌తో కడిగి, చచ్చిన పొరను కత్తిరించి, సిల్వర్ సల్ఫాడయజిన్ రాసి, వేళ్లు అతుక్కోకుండా విడివిడిగా కట్టు కట్టడంతో సరిపెట్టాం. జ్వరం వస్తే ఇంజెక్షన్‌కు మారాలని ముందే రాసి పెట్టుకున్నాం. అవసరం రాలేదు.

రెండోది ఆరోగ్యమైన హౌలర్ మలం నుంచి సూక్ష్మజీవులను ఎక్కించడం. మలం ఎవరిది అన్నదే ఇక్కడ పెద్ద నిర్ణయం. ఆవరణలో ఉన్న పెద్ద హౌలర్లు చేతికి అందుబాటులో ఉన్నాయి, కానీ అవి వేరే లోయ నుంచి వచ్చినవి. పిల్ల పుట్టిన గుంపునే ఎంచుకున్నాం. ఆ గుంపు జీవులు, పురుగులు పిల్లకు ఇప్పటికే పరిచయం. పైగా అవి అదే చెట్ల ఆకు తింటాయి. సేకరణ కష్టం కాదు. హౌలర్లు పొద్దున్నే కదలబోయే ముందు గుంపంతా దాదాపు ఒకేసారి, ఎక్కువగా ఒకే చోట, మల విసర్జన చేస్తాయి. తెల్లవారక ముందే పడుకున్న చెట్టు కింద శుభ్రమైన ప్లాస్టిక్ పట్టా పరిస్తే చాలు. నేలకు తగిలినది వాడలేదు. పల్చగా ఉన్నది వాడలేదు. ప్రతి ముద్ద నుంచి కొంత స్లైడు మీద, కొంత ఉప్పునీటిలో తేల్చి చూసి, పురుగుల గుడ్లు కనిపించినవి పక్కన పెట్టాం. ముందు వారమే సాల్మొనెల్లా, షిగెల్లా కోసం ఆ గుంపు మలాన్ని కల్చర్‌కు పంపి ఉండటం కలిసొచ్చింది.

మోతాదు ఇది: 5 గ్రాముల మలం ముద్ద లోపలి భాగం, ఒంటి వేడికి కాచిన 20 మి.లీ. సెలైన్. సంచిలోనే మెత్తగా పిసికి, గాలి ఎక్కువ కలవకుండా రెండు పొరల గాజ్‌లో వడకట్టి, అరగంట దాటకుండా సన్నటి ట్యూబుతో 8 మి.లీ. నేరుగా జీర్ణాశయంలోకి. అంతకుముందే 5 మి.లీ. పాలు పట్టాం, ఆమ్లం ఘాటు తగ్గడానికి. మిక్సీ వేస్తే గాలి కలిసి, కావలసిన జీవులే చస్తాయి. మూడు ఉదయాలు వరసగా ఇచ్చాం. అదే రోజు నుంచి పండు పూర్తిగా బంద్.

రెండో మోతాదు తర్వాత పొట్ట మెత్తబడింది. వారానికల్లా మలం ముద్దగా, ఆకుపచ్చ-గోధుమ రంగులోకి వచ్చి, పీహెచ్ 6.5 దగ్గర నిలిచింది. అయితే ఈ మెరుగుదల అంతా మలం మార్పిడి వల్లేనని గట్టిగా చెప్పలేం. యాంటీబయాటిక్, పండు రెండూ అప్పుడే ఆగాయి. ఒక్క కేసుతో మూడింటినీ విడదీయలేం. ఎక్కించిన జీవులు నిలవాలంటే వాటికి మేత కావాలి, అంటే ఆకు. అసలు శ్రమ అక్కడ మొదలైంది.

ఆకు నేర్పడం

ఆకులన్నీ ఆహారం కావు. గ్వానకాస్తేలోనే లా పసిఫికా ఎస్టేట్‌లో 1970లలో కోతుల పరిశోధకుడు కెనెత్ గ్లాండర్ చూపించిన సంగతి ఇది: ఒకే జాతి చెట్లలో కూడా హౌలర్లు కొన్ని చెట్ల ఆకే తిని, పక్క చెట్టును ముట్టవు. విషపదార్థాల పాళ్లు చెట్టు చెట్టుకూ మారతాయి. మన పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లైరిసిడియా ఆ చెట్లలో ఒకటి, అది మెక్సికో, మధ్య అమెరికాల చెట్టు. కాబట్టి చేతికందిన కొమ్మ తెచ్చి పెట్టడం కుదరదు. గుంపు తింటున్న చెట్టును గుర్తుపెట్టుకుని, ఆ చెట్టు కొమ్మే తేవాలి.

రోజుకు నాలుగైదు రకాలు పెట్టాం: అత్తి-మర్రి జాతుల చిగుళ్లు, నిద్రగన్నేరు లేత ఆకు, మామిడి, బాదం చిగుళ్లు, అంబాళం దగ్గరి బంధువైన హోబో. గుంపు చెట్లవి దొరకని రోజు మల్బరీ ఆకు, మందార ఆకులు, పువ్వులు. ఒకే ఆకు కడుపునిండా తింటే ఒకే విషం పోగవుతుంది. కలగలుపుగా తింటే దేనిదీ హద్దు దాటదు. లేత ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, పీచు తక్కువ, కాబట్టి ఆరంభానికి అదే సరి. ముదురాకు నెలల తర్వాత. కొమ్మలను పళ్లెంలో కాక, పెరిగే తీరులోనే నిలువుగా కట్టాం. తోకతో వేలాడి, చేత్తో లాక్కుని, తొడిమ కొరికే పని కూడా పిల్ల నేర్చుకోవాలి కదా.

అయినా మొదట ముట్టలేదు. పిల్ల ఆకు రుచి నేర్చుకునేది తల్లి నోటి దగ్గర ముక్కు పెట్టి, తల్లి నములుతున్నది లాక్కుని. పక్క గదిలో, జాలీ అవతల, ఏడాదిన్నర వయసున్న మరో అనాథ హౌలర్ ఉంది. రెండింటి కొమ్మలనూ జాలీకి చెరోవైపు ఒకేచోట కట్టాం. చూసి చూసి మూడో రోజు ఇది కూడా నమలడం మొదలుపెట్టింది. గది కలిపాక వేగం పెరిగింది. ఎంత ఓపికగల మనిషైనా ఈ పాఠం చెప్పలేడు.

పాలు మాత్రం తగ్గించలేదు. అడవిలో ఈ జాతి పిల్ల ఏడాదిన్నర దాకా తల్లి పాలు తాగుతుంది. శరీర బరువులో 20 శాతం లెక్కన రోజుకు సుమారు 200 మి.లీ., ఆరు విడతలుగా. ఒక్కో విడత కిలోకు 50 మి.లీ. దాటకూడదు, అంతకు మించితే జీర్ణాశయంలో పట్టదు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టకుండా, చుట్టిన తువ్వాలును పట్టుకుని బోర్లా ఉన్నప్పుడే పట్టాలి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడానికి మొదటి కారణం పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టడమే. పాలు ఉదయం ఆకు తర్వాత కాక ముందే ఇచ్చాం. మరీ ఆకలితో ఉన్న పిల్ల కొత్త ఆకును ప్రయత్నించదు, విసుగుతో అరుస్తుంది. ఎండ కూడా లెక్కలోకి రావాలి. అమెరికా కోతులకు విటమిన్ డీ2 సరిగా పనికిరాదు, డీ3 కావాలి. గదిలో పెంచిన పిల్లల ఎముకలు వంగిపోవడం కొత్త కాదు. రోజూ ఉదయం నేరుగా ఎండ తగిలే కొమ్మలు ఏర్పాటయ్యాయి, గాజు వెనక ఎండ లెక్క కాదు.

తోక

తోక కొసను మొదటి రోజే తీసేయాలన్న సూచన వచ్చింది. ఆగడానికే మొగ్గాం. కరెంటు గాయంలో రక్తనాళాలు లోపల గడ్డకడుతూ, వారం పది రోజుల దాకా చావు పైకి పాకుతుంది. తొందరపడి కోస్తే రెండోసారి కోయాలి. హౌలర్ తోక అడుగున పట్టు చర్మం ప్రతి సెంటీమీటరూ విలువైనది, కొమ్మ చివర వేలాడి మేసేటప్పుడు బరువు మోసేది అదే. చచ్చిన, బతికిన చర్మాల మధ్య గీత స్పష్టంగా కనిపించే దాకా పొడి కట్టుతో ఉంచి, రెండో వారంలో 4 సెం.మీ. మాత్రమే తీశాం. అడుగువైపు చర్మాన్ని కాస్త పొడవుగా వదిలి పైకి మడిచి కుట్టడంతో కుట్టు రాపిడి పడని చోట, పైవైపున పడింది. పిల్ల కట్టు కొరుకుతుంది కాబట్టి కుట్లు చర్మం లోపలే వేయాలి. పట్టు మిగిలింది.

అరచేయి చిన్న ముడతతో మానింది. హౌలర్ కొమ్మను చూపుడు, మధ్య వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటుంది, బొటనవేలి మీద అంత ఆధారపడదు. అందుకే ఆ ముడత ఎక్కడంలో అడ్డు కాలేదు.

విడుదల

మాంటిల్డ్ హౌలర్లలో ఆడ, మగ రెండూ ఎదిగే దశలో పుట్టిన గుంపు వదిలి వెళ్తాయి. అందువల్ల రక్తసంబంధం లేని పిల్లలతో కట్టిన గుంపు ఈ జాతికి అసహజం కాదు. రెండేళ్లు నిండాక, తనతో పెరిగిన మరికొన్నిటితో కలిపి వదిలాం. కాలం మే నెల, తొలి వానలకు అడవంతా చిగురేస్తుంది. డిసెంబరులో వదిలితే రెండు వారాల్లో ఆకు రాలే కాలంలో పడతాయి. విడుదలకు ముందు చూసినవి: పెట్టిన అడవి ఆకుల్లో కనీసం 15 రకాలు తింటోందా, రాత్రి ఎత్తున పడుకుంటోందా, కుక్కను చూసి పైకి పోతోందా, మనిషి పిలిస్తే రాకుండా ఉందా, క్షయ పరీక్ష, మల పరీక్ష. పెంచేవాళ్లు మొదటి నుంచి మాస్కు కట్టుకున్నారు. మనిషి పెదవి మీద చిన్న పుండు తెచ్చే హెర్పిస్ కొన్ని అమెరికా కోతుల్లో ప్రాణాంతకం.

అడవిలోనే కట్టిన ఎన్‌క్లోజర్‌లో కొన్ని వారాలుంచి, తలుపు తెరిచి, లోపల కొమ్మలు పెట్టడం క్రమంగా తగ్గించాం.

తల్లి చనిపోయిన స్తంభం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌లకు (తీగ లోపలికి వెళ్లే చోట ఉండే పింగాణీ తొడుగులు), జంపర్ తీగలకు (తీగకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ కలిపే ముక్కలు) ఇన్సులేషన్ తొడుగులు వేయించారు, తీగకు దగ్గరగా పెరిగిన కొమ్మలు కొట్టారు. తాడు వంతెన మొదట స్తంభానికి అనువైన చోట కట్టారు, ఏ కోతీ ఎక్కలేదు. గుంపు రోజూ దాటే కొమ్మ నుంచి కొమ్మకు మార్చాక వాడటం మొదలైంది.

ఈ కేసు తర్వాత ప్రొటోకాల్‌లో మారినవి

హౌలర్‌కు నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు, క్లిండమైసిన్ చీటీ మీద రాయాలంటే ఇద్దరు వైద్యులు ఒప్పుకోవాలి. తప్పనిసరైతే ఇంజెక్షనే, అదీ తక్కువ రోజులు. వచ్చిన రోజే మలం స్లైడు, పీహెచ్ నమోదు చేయాలి, లేకపోతే తర్వాత దేనితో పోల్చాలి? పండు మొత్తం మేతలో పదో వంతు దాటకూడదు, అదీ అడవి పండే. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒంటి వేడి కుదిరిన రోజు నుంచే కొమ్మలు కట్టాలి, తిన్నా తినకపోయినా. మలం మార్పిడికి గుంపుల పరీక్షలు ప్రమాదం జరిగాక మొదలుపెడితే ఆలస్యం, కల్చర్ ఫలితానికే రోజులు పడుతుంది. అందుకే తరచూ ప్రమాదాలు జరిగే స్తంభాల చుట్టుపక్కల గుంపుల మలాన్ని ఎండాకాలానికి ముందే, నవంబరులో, పరీక్షకు పంపుతున్నాం.